మల్టిప్లెక్సర్ డిజైన్ చేసేటోళ్లకు, కొనేటోళ్లకు: ముందు గ్యాప్ లెక్క, తర్వాతే కేటలాగ్

ఒకే యాంటెన్నా మీద రెండు మూడు బ్యాండ్లు (ఫ్రీక్వెన్సీ పట్టీలు) నడపాలంటే వాటిని ఫిల్టర్లతోని కలిపి, విడదీసే మల్టిప్లెక్సర్ కావాలె, అది ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) చదివినోళ్లకు ఎవ్వరికైనా తెలుసు. కానీ హన్మకొండ, కాజీపేట దిక్కు ప్రాజెక్టులు చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది సిమ్యులేటర్ ఓపెన్ చేసి నేరుగా ఐదు పోల్స్ (అంటే ఐదు రెజొనేటర్లు, ఒక్క ఫ్రీక్వెన్సీకే మోగే భాగాలు) ఫిల్టర్ గీసుడు మొదలుపెడ్తరు, కొనేటోళ్లేమో ధర చూసి ఆర్డర్ పెడ్తరు. రెండూ వద్దు. ముందు ఒక తెల్ల కాగితం మీద బ్యాండ్లు రాయండి, వాటి మధ్యల ఎంత ఖాళీ ఉందో రాయండి, సగం డిజైన్ అక్కడ్నే తేలిపోతది.

మొబైల్ 1800 బ్యాండ్ తీసుకోండి, అప్‌లింక్ (ఫోన్ నుంచి టవర్‌కు) 1710 నుంచి 1785, డౌన్‌లింక్ (టవర్ నుంచి ఫోన్‌కు) 1805 నుంచి 1880 మెగాహెర్ట్జ్, మధ్యల గ్యాప్ 20. మన ఇండ్లల్ల యాంటెన్నా సిగ్నల్, డిష్ సిగ్నల్ ఒకే వైర్ల కలిపే చిన్న డబ్బా అయితే 862 కింద ఒకటి, 950 పైన ఒకటి, గ్యాప్ 88. దానికి కింది ఫ్రీక్వెన్సీలు పంపే ఒక లో పాస్, పైవి పంపే ఒక హై పాస్, కొన్ని కాయిళ్లు, కెపాసిటర్లు చాలు, ఎక్కువ ఆలోచించాల్సిన పని లేదు. ఇంకో కొసకు పోతే మన దేశంల 800 బ్యాండ్ డౌన్‌లింక్ 889 దగ్గర ఆగుతది, 900 అప్‌లింక్ 890 దగ్గర మొదలయితది, ఒక్క మెగాహెర్ట్జ్. ఈ రెండిట్లను మామూలు డైప్లెక్సర్‌తోని (రెండు బ్యాండ్ల మల్టిప్లెక్సర్) విడదీస్తా అని ఎవరన్నా చెప్తే నమ్మకండి, అక్కడ యాంటెన్నాలు వేరు చేసి, దూరం పెట్టి, దానిపైన పదునైన ఫిల్టర్ వాడాల్సిందే.

తర్వాత ఐసోలేషన్, అంటే ఒక దిక్కు సిగ్నల్ ఇంకో దిక్కు కారకుండ ఎంత ఆపుతదో, డీబీ (డెసిబెల్) లెక్కల. ఎంత కావాలె అని అడిగితే "60 డీబీ ఉంటే మంచిది సార్" అంటరు, ఆ 60 యాడికెళ్లి వచ్చిందో మాత్రం చెప్పరు. ఇట్ల లెక్క తియ్యండి: మీ ట్రాన్స్‌మిటర్ ఆంప్లిఫయర్ రిసీవ్ బ్యాండ్ల వదిలే నాయిస్ మెగాహెర్ట్జ్‌కు మైనస్ 60 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తోని పోల్చిన డీబీ) అనుకుందాం. థర్మల్ నాయిస్ మెగాహెర్ట్జ్‌కు మైనస్ 114, రిసీవర్ తానే కలిపే నాయిస్ (నాయిస్ ఫిగర్) 3 కలిపితే మైనస్ 111. ట్రాన్స్‌మిటర్ నుంచి వచ్చే నాయిస్ దీనికన్నా ఇంకో 10 కింద ఉంటే సెన్సిటివిటీ 0.4 డీబీ మాత్రమే పోతది, అంటే మైనస్ 121కి తేవాలె, అంటే 61 డీబీ. ఇక్కడ ఒక్క సంగతి గట్టిగ పట్టుకోండి, ఈ 61 ఇవ్వాల్సింది ట్రాన్స్‌మిట్ సైడ్ ఫిల్టర్. ఆ నాయిస్ అప్పటికే రిసీవ్ బ్యాండ్ల ఉంది కాబట్టి రిసీవ్ ఫిల్టర్ దాన్ని దర్జాగ లోపలికి పంపుతది. రిసీవ్ ఫిల్టర్ పని వేరే, 43 డీబీఎం (20 వాట్ల) ట్రాన్స్‌మిట్ క్యారియర్ వచ్చి ఎల్‌ఎన్‌ఏని (రిసీవర్ల మొదటి ఆంప్లిఫయర్) మూసెయ్యకుండ చూసుడు.

ఇప్పుడు లాస్. బ్యాండ్ పాస్ ఫిల్టర్ లాస్ అంచనాకు ఒక చిన్న సూత్రం ఉంది: ప్రోటోటైప్ జీ విలువలన్నీ (ఫిల్టర్ పట్టికలల్ల ఉండే నంబర్లు) కూడి 4.343 తోని గుణించి, ఫ్రాక్షనల్ బ్యాండ్‌విడ్త్ (బ్యాండ్ వెడల్పును మధ్య ఫ్రీక్వెన్సీతోని భాగిస్తే వచ్చేది) ఇంటూ అన్‌లోడెడ్ క్యూ (ఎక్కువుంటే రెజొనేటర్ తక్కువ శక్తి తింటదన్నట్టు) తోని భాగించాలె. ఐదు పోల్స్ చెబిషెవ్ (ఒక ఫిల్టర్ రకం), రిపుల్ (బ్యాండ్ లోపలి ఎత్తుపల్లాలు) 0.1 డీబీ అయితే జీల మొత్తం దాదాపు 7. 1805-1880కి ఫ్రాక్షనల్ బ్యాండ్‌విడ్త్ 0.0407. క్యూ 3000 ఉన్న కావిటీ (లోహపు డబ్బా ఫిల్టర్) అయితే లాస్ 0.25 డీబీ, 20 వాట్లు పంపితే 18.9 బయటికొస్తయ్. అదే మంచి మైక్రోస్ట్రిప్ (బోర్డు మీది రాగి గీతలు) మీద క్యూ 200 అనుకుంటే 3.7 డీబీ, 20 వాట్లల్ల మిగిలేది 8.5. ఇంక ఎఫ్‌ఆర్4 (మామూలు చవక) బోర్డు అయితే లాస్ టాంజెంట్ (బోర్డు మెటీరియల్ ఎంత శక్తి తింటదో చెప్పేది) 0.02 కాబట్టి క్యూ 50 దగ్గర్నే ఆగిపోతది, లాస్ 15 డీబీ దాకా వస్తది. చవక బోర్డు మీద సన్న బ్యాండ్ ఫిల్టర్ ఎందుకు పనిచేస్తలేదు అని నెలలు పోగొట్టుకునే పిల్లలకు జవాబు ఈ ఒక్క భాగహారంలనే ఉంది, దయచేసి బోర్డు ఎచింగ్‌కి పంపే ముందే చేసుకోండి.

జంక్షన్ దగ్గరికొద్దాం, అసలు మల్టిప్లెక్సర్ అంటే ఇదే. విడివిడిగ బ్రహ్మాండంగ ఉన్న రెండు ఫిల్టర్లను టీ (మూడు దార్ల జాయింట్) దగ్గర కలిపితే రెండూ పాడయితయ్. ఎందుకంటే ఒక ఫిల్టర్ తన బ్యాండ్ బయట షార్ట్ లెక్క కనబడొచ్చు, పక్క బ్యాండ్ సిగ్నల్ అంతా ఆ షార్ట్ మీదికి పోతది. కాబట్టి పక్క బ్యాండ్ల అది ఓపెన్ లెక్క కనబడాలె, అందుకే మధ్యల కొలిచిన లైన్ పెడ్తరు. పూర్తి షార్ట్ అయితే పావు వేవ్‌లెంగ్త్ కావాలె, 1842 మెగాహెర్ట్జ్ దగ్గర గాలిల 40.7 మిల్లీమీటర్లు, వెలాసిటీ ఫ్యాక్టర్ 0.7 ఉన్న (గాలిల వేగంల 0.7 వంతుతోని సిగ్నల్ పోయే) కేబుల్‌ల 28.5. నిజం ఫిల్టర్ ఫేజ్ షార్ట్‌కి అటో ఇటో ఉంటది, ఈ పొడుగు మొదలుపెట్టుడు కోసమే, అక్కడ్నుంచి మొత్తం సర్క్యూట్ కలిపే ఆప్టిమైజ్ చెయ్యాలె. చానెళ్లు ఒకదానికొకటి ఆనుకోని ఉంటే సింగ్లీ టర్మినేటెడ్ (ఒక్క కొసకే లోడ్ లెక్కేసిన) ప్రోటోటైప్‌తోని మొదలుపెట్టండి. చానెళ్లు మస్తు ఉండి పవర్ ఎక్కువుంటే మానిఫోల్డ్ (ఫిల్టర్లన్నిటిని ఒకే ఉమ్మడి లైన్‌కు తగిలించుడు). పవర్ తక్కువుండి ఒక్కో చానెల్ విడిగ ట్యూన్ కావాలంటే సర్క్యులేటర్లు (సిగ్నల్‌ను ఒకే దిక్కు తిప్పే పరికరాలు), కాకపోతే ప్రతి సర్క్యులేటర్ దాటినప్పుడల్లా కొంచెం లాస్ కట్టుకోవాలె.

ట్యూన్ చేసేటప్పుడు వీఎన్‌ఏ (ఫిల్టర్ కొలిచే మిషన్) తెరమీద ఎస్11 (వెనక్కి తిరిగొచ్చే సిగ్నల్) గుంటలు చూస్కుంట ట్యూనింగ్ స్క్రూ లోపలికి తిప్పితే ఆ రెజొనేటర్ ఫ్రీక్వెన్సీ కిందికి జరుగుతది. మంచిగ కుదిరిందని చెయ్యి తీసి లాక్ నట్ బిగిస్తరు కదా, బిగించంగనే మళ్ల జరుగుతది. అందుకే నట్ సగం బిగువుల పెట్టుకోని, స్క్రూ డ్రైవర్ పట్టుకోనే తిప్పాలె, ఆఖరి బిగింపుకు ఎంత జరుగుతదో ముందే వదిలిపెట్టాలె. వాడని పోర్టులకు 50 ఓం లోడ్ పెట్టకుండ చూస్తే ఆ కొలతలకు విలువ లేదు.

మన దిక్కు ఎండ సంగతి వేరేగ చెప్పాలె. రామగుండంల మే నెలల టవర్ మీద మూసిన డబ్బా లోపల 70 డిగ్రీలు అనుకోనే డిజైన్ చెయ్యండి. అల్యూమినియం డిగ్రీకి మిలియన్‌ల 23 వంతులు సాగుతది, 25 నుంచి 70కి పోతే 1842 దగ్గర ఫిల్టర్ దాదాపు 1.9 మెగాహెర్ట్జ్ కిందికి జారుతది. 20 గ్యాప్‌ల పదో వంతు ఎండకే పోయిందన్నట్టు. ఇన్వార్ (వేడికి చాలా తక్కువ సాగే లోహం) రెజొనేటర్లో, టెంపరేచర్ కాంపెన్సేషనో ఉందా అని అడగండి, లేదంటే ఆ జారుడు కలుపుకోని మార్జిన్ పెట్టుకోండి.

పవర్ సగటు చూసి మోసపోవద్దు, 20 వాట్ల క్యారియర్లు నాలుగు కలిస్తే సగటు 80 గానీ పీక్ 320 దాకా లేస్తది. పిమ్ (రెండు క్యారియర్లు డబ్బాలనే కలిసి కొత్త ఫ్రీక్వెన్సీ పుట్టించుడు) కూడా చూడాలె, 1805, 1880 కలిస్తే 1730 దగ్గర (1805 రెట్టింపుల నుంచి 1880 తీసేస్తే) మూడో ఆర్డర్ పుడ్తది, అది సీదా అప్‌లింక్ మధ్యల పడ్తది. 43 డీబీఎం క్యారియర్లు రెండిటితోని మైనస్ 150 డీబీసీ (క్యారియర్ కన్నా 150 డీబీ కింద) అని రాసి ఉన్నా అది మైనస్ 107 డీబీఎం, గుర్తుంచుకోండి.

కొనేటప్పుడు టిపికల్ అని రాసిన కాలమ్ వదిలేసి, పూర్తి బ్యాండ్ మీద, పూర్తి టెంపరేచర్ మీద గ్యారంటీ ఇచ్చే లాస్, ఐసోలేషన్ రాతపూర్వకంగ అడగండి, మీ పీస్ సీరియల్ నంబర్ ఉన్న వీఎన్‌ఏ ప్లాట్ ఫైల్ కూడా అడగండి. డబ్బా చేతికొచ్చినంక ఓవెన్‌ల 70 దగ్గర రెండు గంటలు పెట్టి, వేడి మీదున్నప్పుడే బ్యాండ్ అంచులు కొలవండి, ఆ తర్వాతే బిల్లు మీద సంతకం పెట్టండి.