మాగ్యార్లు ఎక్కడివాళ్లు? హంగేరీ మూలాలను చిక్కుపడకుండా చదివే పద్ధతి

హంగేరీ వాళ్ల మూలం గురించి అడిగే విద్యార్థులు సాధారణంగా ఒక్క మాటలో జవాబు కావాలనుకుంటారు. హూణులా? తుర్కులా? ఫిన్లాండ్ వాళ్ల చుట్టాలా? వెతికితే మూడింటికీ ఏదో ఒక ఆధారం దొరుకుతుంది. టెన్షన్ అక్కడే మొదలవుతుంది. చరిత్ర పాఠాలు చెప్పే మనిషిగా నేను వాళ్లకు ముందు మూడు కాగితాలు తీసుకోమంటాను. ఒకదాని మీద పేరు, ఒకదాని మీద భాష, ఇంకోదాని మీద మనుషులు అని రాయాలి. ఏ సంగతి చదివినా అది ఏ కాగితానికి చెందుతుందో తేల్చుకున్నాకే రాసుకోవాలి. ఈ మూడూ వేర్వేరు దారుల్లో వచ్చాయి.

పేరుతో మొదలుపెట్టండి. వాళ్లు తమను మాగ్యార్లు అంటారు. హంగేరీ అన్నది బయటివాళ్లు పెట్టిన పేరు. నల్లసముద్రానికి ఉత్తరాన ఉన్న గడ్డి మైదానాల్లో ఒనొగుర్ అనే తుర్కిక్ తెగల కూటమి ఉండేది. ఆ మాటకు పది బాణాలు, అంటే పది తెగలు అని అర్థం చెబుతారు. ఆ ప్రాంతంలోనే తిరిగిన మాగ్యార్లకు తూర్పు ఐరోపాలోని స్లావులు అదే పేరు తగిలించారు. జర్మన్‌లో ఉంగార్న్, రష్యన్‌లో వెంగ్రియా అలా వచ్చినవే. లాటిన్‌లో ఉంగారి అని రాసేవాళ్లు. దాని ముందు 'హ' చేరడానికి కారణం హూణులతో ముడిపెట్టడం. ఆ ముడిని మాత్రం తేదీలతో సరిచూడండి. హూణుల రాజు అట్టిలా చనిపోయింది 453లో. మాగ్యార్లు కార్పేతియన్ కొండలు దాటి ఇప్పటి దేశంలోకి వచ్చింది సుమారు 895లో. మధ్యలో నాలుగు వందల ఏళ్లకు పైగా ఖాళీ ఉంది.

బైజాంటియం, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యపు గ్రీకులు, మాగ్యార్లను తుర్కులు అని రాశారు. బుడాపెస్ట్ పార్లమెంటు భవనంలో ఉన్న పవిత్ర కిరీటం కింది భాగం మీద, గ్రీకు అక్షరాల్లో, గేజా రాజును 'తుర్కియా రాజు' అనే పేర్కొన్నారు. ఇది 1070ల నాటిది. దీన్ని చూసి 'అయితే వాళ్లు తుర్కులే' అని మనుషుల కాగితం మీద రాసేయకండి. గడ్డి మైదానాల నుంచి గుర్రాల మీద వచ్చిన వాళ్లను గ్రీకులు అలా పిలవడం మామూలే. ఇది పేరు కాగితం మీదే ఉండాలి.

ఇక భాష. నేను ఎక్కువ సమయం పెట్టమనేది దీనికే, ఎందుకంటే ఇక్కడ ఎవరి మాటా నమ్మాల్సిన పని లేదు, మీరే పరీక్షించవచ్చు. ఒక పక్క ఫిన్నిష్ మాటలు, పక్కన హంగేరియన్ మాటలు రాయండి. చేప: కల, హల్. మూడు: కొల్మె, హారొమ్. ఫిన్నిష్ 'క' ఇక్కడ 'హ' అయింది. చెయ్యి: కాసి, కేజ్. రాయి: కివి, కో. ఇక్కడ 'క' అలాగే నిలిచింది. ఎందుకంటే మార్పు పక్కనున్న అచ్చును బట్టి జరిగింది. చెట్టు: పూ, ఫ. గూడు: పెసా, ఫేసెక్. 'ప' వరసగా 'ఫ' అవుతోంది. రెండు మాటలు ఒకేలా వినిపించడం కాకతాళీయం కావచ్చు, కానీ మార్పు ఇలా పద్ధతి ప్రకారం జరిగితే అది చుట్టరికమే. ఈ చుట్టరికాన్ని 1770లో యానోష్ షైనోవిచ్ అనే హంగేరీ పండితుడు, హంగేరియన్‌ను ఐరోపా ఉత్తర కొసన మాట్లాడే సామీ భాషతో పోల్చి చూపించాడు.

అయితే ఫిన్నిష్ దూరపు చుట్టమే. దగ్గరి బంధువులు పశ్చిమ సైబీరియాలో ఓబ్ నది వైపు ఉండే మాన్సీ, ఖాంతీ భాషలు. మాన్సీలో చేప ఖూల్, గుర్రం లువ్. హంగేరియన్‌లో గుర్రం లో. గుర్రం మాట పంచుకున్నారంటే, విడిపోక ముందే గుర్రం తెలుసన్నమాట. ఆ తర్వాత దారిలో కలిసినవాళ్లందరూ మాటలు ఇచ్చారు. అల్మ (ఆపిల్), ఆర్ప (బార్లీ) తుర్కిక్ నుంచి వచ్చాయి. అస్తల్ (బల్ల), సెర్ద (బుధవారం) స్లావుల నుంచి వచ్చాయి. ఈ అరువు మాటలను కాగితం వెనక్కి తిప్పి, ఎవరి నుంచి తెచ్చుకున్నారన్న క్రమంలో రాసుకుంటే, వాళ్ల ప్రయాణం దానంతట అదే కనిపిస్తుంది.

మనుషుల కాగితం చిన్నదిగా ఉన్నా ఫరవాలేదు. వలస వచ్చినప్పుడే వాళ్లు ఒక్క జాతి కాదు. ఏడు తెగలు, వాటిలో మెగ్యెర్ ఒకటి. గడ్డి మైదానాలను ఏలిన ఖజార్ల మీద తిరుగుబాటు చేసి విడిపోయిన కబార్లు కూడా వాళ్లతో వచ్చారు. పదో శతాబ్దపు సమాధుల జన్యు పరీక్షల్లో తూర్పు, పడమర వంశాలు కలిసి కనిపిస్తాయి. నేటి హంగేరియన్లు మాత్రం జన్యుపరంగా పొరుగువాళ్లకే దగ్గర. భాష నిలిచింది, రక్తం కలిసిపోయింది.

ఈ వెతుకులాటలో నాకు అత్యంత ఇష్టమైన మనిషి హంగేరీ పండితుడు కొరొషి చోమ షాందోర్. మనలాగే వాళ్లకీ ఇంటిపేరే ముందు వస్తుంది. తన జాతి మూలాన్ని ఆసియాలో వెతకాలని బయలుదేరి లద్దాఖ్ చేరాడు, అక్కడ బౌద్ధ మఠాల్లో కూర్చుని టిబెటన్ నేర్చుకున్నాడు. ఆయన టిబెటన్-ఇంగ్లీష్ నిఘంటువు 1834లో కలకత్తాలో అచ్చయింది. 1842లో డార్జీలింగ్‌లో కన్నుమూశాడు. మూలం దొరకలేదు కానీ, టిబెటన్ చదువులకు ఆయన పునాది వేశాడు. అంతకు ఆరు వందల ఏళ్ల ముందే, 1230లలో, జూలియన్ అనే డొమినికన్ సన్యాసి వోల్గా ప్రాంతానికి వెళ్లి హంగేరియన్ మాట్లాడేవాళ్లను కలిశాడు. ఒకరి మాట ఒకరికి అర్థమైంది. ఆ వెంటనే మంగోలులు విరుచుకుపడ్డారు.

మూల గ్రంథాలు చదవాలనుకుంటే వరస మార్చకండి. ముందు బైజాంటియం చక్రవర్తి ఏడో కాన్‌స్టంటైన్ సుమారు 950లో కొడుకు కోసం రాయించిన గ్రంథం, అందులో 38 నుంచి 40 వరకు అధ్యాయాలు. తెగల పేర్లు, కబార్ల కథ అక్కడే ఉన్నాయి. తర్వాత 1200 ప్రాంతంలో రాసిన అనామక రచయిత. హంగేరీ తొలి రాజవంశపు మూలతల్లి ఎమెషె కలలో తురుల్ అనే డేగలాంటి పక్షి వచ్చిన కథ ఆయన దగ్గర ఉంది. చివర 1280ల నాటి చరిత్రకారుడు కేజా సిమోన్. హునోర్, మాగోర్ అన్నదమ్ములు లేడిని వెంటాడిన కథ, హూణులతో చుట్టరికం చెప్పే కథ, ఆయనదే. సిమోన్‌ని ముందు చదివితే మిగతావి ఆ రంగులోనే కనిపిస్తాయి.