చౌడు చేలో వరి మొలవడం లేదా? గింజను తవ్వి చూడండి

కృష్ణా డెల్టా శివారున, నాగాయలంక, కోడూరు వంటి సముద్ర తీర మండలాల్లో ఉప్పు తేలే నేలలు చాలా ఉన్నాయి. అలాంటి చేలో వరి వెదజల్లాక మొలక పలచబడితే విత్తనాన్ని నిందించకండి. మొలవని చోట మట్టి తవ్వి కొన్ని గింజలు బయటికి తీసి, గోటితో నొక్కండి.

గింజ గట్టిగా ఉంది, ఉబ్బలేదు

కారణం: నేలలో తేమ ఉన్నా ఉప్పు దాన్ని గింజకు అందనివ్వదు. గింజ నానడానికే రోజులు పడుతుంది, ఈలోగా పైమట్టి ఆరిపోతుంది.

పరిష్కారం: ఆ నానే పనిని మంచినీటిలో ముందే చేయించడం. లీటరు నీటికి 10 గ్రాముల కాల్షియం క్లోరైడ్ కలిపి, కిలో విత్తనానికి లీటరు చొప్పున సుమారు 20 గంటలు నానబెట్టండి. కాల్షియం ఉన్నచోట వేరులోకి సోడియం చొరబాటు తగ్గుతుంది. తర్వాత మంచినీటితో కడిగి, గోనె పట్టాల మీద నీడలో ఆరబెట్టండి. నానబెట్టక ముందు ఎంత తూగిందో దాదాపు అంతే తూగేవరకు ఆరాలి. శిలీంద్రనాశిని మందు కార్బెండజిమ్ పట్టించేది ఆరిన తర్వాతే, కిలోకు 3 గ్రాములు. తాలు తీయడానికి ఉప్పునీటిలో వేసిన విత్తనాన్ని రెండుమూడు సార్లు కడగకుండా మాత్రం ముందుకు వెళ్లకండి.

ఇలా నానబెట్టి శుద్ధి చేసిన విత్తనమే మొలవలేదు

ఎక్కువగా పాడయ్యేది ఆరబెట్టే దశలోనే. గింజ కొనను దగ్గరగా చూడండి: తెల్లటి మొన పొట్టును చీల్చుకుని కనబడితే ఆరబెట్టే సమయం దాటిపోయినట్లే. ఆ మొన ఎండితే గింజ చచ్చిపోతుంది. మొన కనబడినా ఇంకా ఎండని విత్తనాన్ని పారేయనక్కరలేదు, మండె కట్టి (తడి గోనెలో కప్పి ఉంచి మొలకెత్తించి) దమ్ము చేసిన నారుమడిలో చల్లుకోవచ్చు. ఎండలో ఆరబెట్టినా, వాన కోసం వారాల తరబడి నిల్వ ఉంచినా మొలక శాతం పడిపోతుంది. విత్తే ముందు 100 గింజలు తడి గోనెగుడ్డలో చుట్టి మొలక చూసుకోండి.

మినుము, పెసరలకు ఈ 20 గంటల లెక్క పనికిరాదు. పొట్టు చిట్లి పప్పు విడిపోతుంది. వాటికి 3 గంటలు చాలు.

గింజ మెత్తబడి కుళ్లింది

ఇది ఉప్పు పని కాదు, నీరు నిలిచింది. కాలువ తీయండి.

మొలిచింది గానీ రెండుమూడు ఆకుల దశలో కొనలు ఎండుతున్నాయి

వరి మొలక దశలో ఉప్పును బాగానే ఓర్చుకుంటుంది, లేత నారుగా ఉన్నప్పుడు ఓర్చుకోలేదు. విత్తనశుద్ధి బలం అప్పటికి చాలవరకు తరిగిపోతుంది. మంచినీరు నిలగట్టి, మురుగు కాలువలోకి తీసేయండి. మడి ఆరనిస్తే అడుగు ఉప్పు మళ్లీ పైకి తేలుతుంది. నాటే చేలో ముదురు నారు, కుదురుకు 4-5 మొక్కలు వేయాలి. రకం ఎంపికలోనూ జాగ్రత్త పడండి: మచిలీపట్నం పరిశోధన స్థానం రూపొందించిన ఎం.సి.ఎం. 100, ఎం.సి.ఎం. 103 చౌడును తట్టుకునేవే.

అన్నీ సరిగ్గా చేసినా తేడా లేదు

అయితే అది పాలచౌడు కాకపోవచ్చు. భూసార పరీక్ష కాగితంలో లవణ సూచిక (ఇ.సి.) 4 దాటి, ఉదజని సూచిక (పి.హెచ్.) 8.5 లోపు ఉంటే పాలచౌడు. ఉదజని సూచిక 8.5 దాటి, తడిస్తే బురదై, ఆరితే రాయిలా బిగుసుకుంటే కారుచౌడు. కారుచౌడుకు విత్తనశుద్ధి మందు కాదు. పరీక్షలో చెప్పిన మోతాదులో జిప్సం వేసి, నీరు పెట్టి, మురుగు తీసి, పచ్చిరొట్ట పైరు జీలుగ పెంచి పూత దశలో కలియదున్నాలి.