ఫెనోఫైబ్రేట్ మొదలుపెట్టే ముందు: ఉద్దానం వారికి జాగ్రత్తలు

రక్తంలోని ట్రైగ్లిజరైడ్లు (ఒక రకం కొవ్వు) 500 mg/dL దాటితే క్లోమగ్రంథి వాచే ముప్పు పెరుగుతుంది. వాటిని తగ్గించే మందుల్లో ఫెనోఫైబ్రేట్ ఒకటి. మంచి మందే, కానీ మొదటి మాత్రకు ముందు ఇవి చూసుకోండి.

• క్రియాటినిన్ పరీక్ష (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష). ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ కాబట్టి కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు వారికి నేను అన్నిటికంటే ముందు చెప్పేది ఇదే. ఈ మందు ఎక్కువగా మూత్రపిండాల ద్వారానే బయటకు పోతుంది. అవి బాగా దెబ్బతిన్నవారు దీన్ని వాడకూడదు. కిడ్నీ జబ్బు చాలాకాలం ఏ లక్షణమూ చూపకుండా ముదురుతుంది కాబట్టి "నాకేమీ లేదు" అనుకోవద్దు, దయచేసి రక్తపరీక్ష చేయించుకోండి. ఈ మందు వల్ల కూడా క్రియాటినిన్ కొంత పెరగవచ్చు. పాత రిపోర్టు దాచుకుంటేనే ఆ తేడా డాక్టరుకు తెలుస్తుంది.

• కాలేయ జబ్బు, పిత్తాశయంలో రాళ్లు, గర్భం, పాలు తాగే బిడ్డ: ఏది ఉన్నా ముందే చెప్పాలి.

• రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతుంటే దాని మోతాదు తగ్గించవలసి రావచ్చు. ఆ మాత్రల అట్ట వెంట తీసుకెళ్లండి.

• అటోర్వాస్టాటిన్ వంటి కొలెస్ట్రాల్ మాత్రలు కూడా వేసుకుంటున్నారా? కారణం లేని కండరాల నొప్పి, నీరసం, ముదురు రంగు మూత్రం కనిపిస్తే వెంటనే డాక్టరును కలవాలి. జీడి పరిశ్రమలో, కొబ్బరితోటలో రోజంతా కష్టపడేవారు ఇది పని వల్ల వచ్చిన నొప్పేనని దుకాణంలో నొప్పి మాత్రలు కొనుక్కుంటారు. అవి కిడ్నీకి మరో దెబ్బ.

• ఫెనోఫైబ్రేట్ 160 మి.గ్రా. మాత్ర భోజనంతోనే వేసుకోవాలి. దుకాణంలో 145 మి.గ్రా. మాత్ర ఇస్తే డాక్టరును అడగకుండా మార్చకండి.

• సారా, బీరు మానాలి. అవే ట్రైగ్లిజరైడ్లను పెంచుతాయి.