పార్కిన్సన్ ఉన్న పెద్దవారికి మాత్రల వేళ కాపాడటం ఎలా

కందుకూరు, పొదిలి పల్లెల్లో పార్కిన్సన్‌ను వణుకుడు జబ్బు అంటారు. ఆ పేరు కొంత చేటు చేస్తుంది. చెయ్యి వణకనంతవరకు, అడుగు చిన్నదవటాన్నీ గొంతు తగ్గటాన్నీ ఇంటివాళ్లు ముసలితనమని సరిపెట్టుకుంటారు. మెదడులో డోపమిన్ (ఒంటి కదలికలను నడిపే రసాయనం) తయారుచేసే కణాలు నశించటం వల్ల వచ్చే ఈ జబ్బు పూర్తిగా నయం కాదు గాని, లీవోడోపా (మెదడులో డోపమిన్‌గా మారే మందు), కార్బిడోపా కలిసిన మాత్ర వేళకు పడితే చాలామంది తమ పనులు తాము చేసుకోగలుగుతారు. ఆ వేళను కాపాడటమే ఇంటివాళ్ల మొదటి పని.

మాత్రను సాధారణంగా తిండికి అరగంట ముందు గాని, తిన్న గంట తరువాత గాని వేయించాలి. మాంసకృత్తులు పేగులో లీవోడోపాకు పోటీ వస్తాయి కనుక, చేపల పులుసుతోనో ముద్దపప్పుతోనో కలిసి పడిన మాత్ర కొందరికి సరిగ్గా పట్టదు. అందుకని చేపలు మాన్పించనక్కరలేదు, వేళ ఎడం చేస్తే చాలు. (నెల్లూరు వైపు మనిషిని చేపలు మానమంటే ముందు మాత్రలే మానేస్తాడు.)

ఒక నోటుబుక్కు పెట్టండి. మా నాయన పుస్తకంలో ఒక రోజు ఇలా ఉంది: "ఉదయం 6కు మాత్ర. 6:40కి చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు. 10కి కాలు బిగిసింది. 11కి రెండో మాత్ర." ఒంగోలులో డాక్టరు ఆ నాలుగు ముక్కలు చూసి, మోతాదు పెంచకుండా, రెండో మాత్రను గంటన్నర ముందుకు, అంటే 9:30కి జరిపారు. కాలు బిగిసినప్పటి నడకను ఫోనులో వీడియో తీసి చూపటం కూడా మేలు, ఎందుకంటే ఆస్పత్రికి చేరేసరికి మాత్ర పనిచేస్తూ మనిషి మామూలుగానే కనిపించవచ్చు.

గడప దగ్గర కాలు నేలకు అతుక్కుపోయినప్పుడు చెయ్యి పట్టి లాగకూడదు. లాగితే ఒళ్లు ముందుకు వస్తుంది, పాదం రాదు, పడిపోతారు. "నాయనా, ఆగు" అని నిలబెట్టి, మీ పాదాన్ని ఆయన పాదానికి ముందు అడ్డంగా పెట్టి దాటమనండి. మేము గడపకు ఇవతల సుద్దముక్కతో జానెడు ఎడంగా అడ్డగీతలు గీశాము. వట్టి నేల మీద కదలని కాలు గీతను దాటుతుంది.

మాత్రలు అయిపోయాయని ఒక్కసారిగా ఆపితే తీవ్ర జ్వరం, బిగుతుతో ప్రాణం మీదికి రావచ్చు కనుక, వారం ముందే కొని పెట్టుకోవాలి. వాంతులకు ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేస్తానంటే, మెటోక్లోప్రమైడ్ వద్దని గట్టిగా చెప్పండి. అది జబ్బును ముదిరినట్టు చేస్తుంది. దూలగొండి గింజల్లోనూ లీవోడోపా ఉంటుంది; చూర్ణం వాడుతుంటే డాక్టరు దగ్గర దాచకండి, రెండూ కలిసి మోతాదు మించిపోవచ్చు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాల్లో పార్కిన్సన్ కూడా ఉంది కనుక, సదరం (వైకల్యాన్ని పరీక్షించే ప్రభుత్వ) శిబిరంలో ధ్రువపత్రానికి అడగవచ్చు. అక్కడ వరుస ఎంతసేపు పడుతుందో తెలియదు. మధ్యాహ్నపు మాత్ర, మంచినీళ్ల సీసా మీ సంచిలోనే ఉంచుకోండి.