సొంతానికి చిన్న విమానం: ఎంపిక, తనిఖీ, పరికరాల అమరిక

చిన్న విమానం కొనాలని బయలుదేరినవారి చూపు మొదట రంగు మీద, సీట్ల మీద, ప్యానెల్‌లో వెలిగే తెరల మీద పడుతుంది. ఈ మూడింటినీ కొన్న తరువాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మార్చుకోవడానికి వీలులేనివి, వీలున్నా విమానం ధరకు దీటైన ఖర్చు పెట్టించేవి వేరే ఉన్నాయి: రెక్క లోపల భారాన్ని మోసే ప్రధాన దూలమైన స్పార్ పరిస్థితి, ఇంజను ఇంతవరకు గడిపిన జీవితం, విమానం ఖాళీ బరువు, దాని వెంట వచ్చే కాగితాలు. అందువల్ల ఒకే పిస్టన్ ఇంజనుతో, రెండు నుంచి నాలుగు సీట్లతో ఉండే విమానాల గురించి రాస్తున్న ఈ వ్యాసంలో పరికరాల ప్రస్తావన ఆలస్యంగానే వస్తుంది. డబ్బు ఖర్చు పెట్టవలసిన క్రమం కూడా అదే.

ఏ ప్రయాణానికి, ఎంత బరువుకు

ఏడాదికి ఒక్కసారి చేయబోయే సుదూర ప్రయాణాన్ని కాక, నెలనెలా నిజంగా చేసే ప్రయాణాలను దృష్టిలో పెట్టుకొని విమానాన్ని ఎంచుకోవాలి. ఎందరు ఎక్కుతారు, ఎంత దూరం వెళ్తారు, దిగే రన్‌వే పొడవెంత, అది తారు రన్‌వేనా పచ్చికా, వేసవి మధ్యాహ్నాల్లో అక్కడ ఎంత వేడి ఉంటుంది అన్న ప్రశ్నలకు జవాబులు రాసుకుంటే చాలా మోడళ్లు వాటంతట అవే జాబితా నుంచి తొలగిపోతాయి. వేడిగాలి పలచగా ఉండటం వల్ల రెక్కలు, ప్రొపెల్లర్, ఇంజను మూడింటి పనితనమూ ఒకేసారి తగ్గుతుంది కనుక, సముద్రమట్టంలో చల్లని ఉదయాన సునాయాసంగా లేచే విమానం ఎత్తైన ప్రదేశంలో మధ్యాహ్నం పూట అదే పొడవు రన్‌వే నుంచి లేవలేకపోవచ్చు.

నాలుగు సీట్లు ఉన్నంత మాత్రాన నలుగురూ ఎక్కవచ్చునని అర్థం కాదు. 1955లో తొలిసారి ఎగిరి, ఇప్పటిదాకా 44,000కు పైగా తయారైన సెస్నా 172నే తీసుకుందాం. ఒక పాత 172లో గరిష్ఠ బరువు నుంచి ఖాళీ బరువు తీసివేస్తే 390 కిలోలు మిగిలాయనుకుంటే, ఇంధనానికీ మనుషులకూ సామానుకూ కలిపి ఉన్న వాటా అంతే. విమాన పెట్రోలు లీటరుకు సుమారు 0.72 కిలోలు తూగుతుంది. 150 లీటర్లు నింపితే 108 కిలోలు పోయి 282 మిగులుతాయి. ఎనభై కిలోల మనుషులు నలుగురంటే 320 కిలోలు. అంటే ట్యాంకులు నింపి ముగ్గురు వెళ్లాలి, లేదా ఇంధనం తగ్గించుకొని నలుగురు దగ్గరి ఊరికి వెళ్లాలి. ఈ లెక్కను తయారీదారు ప్రకటనలోని ఖాళీ బరువుతో కాక, కొనబోయే విమానం సొంత బరువు పత్రంతోనే వేయాలి. ఆ పత్రంలోని అంకె నిజంగా తూచి రాసిందా, దశాబ్దాలుగా కూడికలు తీసివేతలతో సాగుతూ వచ్చిందా అని అడగడం కూడా అవసరం, ఎందుకంటే అలా కాగితం మీదే నడిచిన విమానాన్ని త్రాసు మీదికి ఎక్కిస్తే బరువు పెరగడమే తరచుగా జరుగుతుంది.

ఖర్చు లెక్క

కొనుగోలు ధరను ఒక్కసారి కడతాము, మిగిలినవి ఆగవు. హ్యాంగర్ అద్దె, బీమా, వార్షిక తనిఖీ, నావిగేషన్ డేటాబేసుల చందా అనేవి విమానం కదలకపోయినా వస్తాయి. ఎగిరిన గంటకు ఇంధనం, ఆయిలు, మరమ్మతులు వస్తాయి. 160 హార్స్‌పవర్ ఇంజను గంటకు సుమారు 30 నుంచి 35 లీటర్లు తాగుతుంది. అందరూ మరచిపోయే పద్దు ఇంజను ఓవర్‌హాల్‌ది, అంటే ఇంజనును పూర్తిగా విప్పి అరిగిన భాగాలు మార్చి తిరిగి బిగించడానిది. చిన్న విమానాల్లో విరివిగా కనిపించే లైకమింగ్ కంపెనీ ఇంజన్లలో చాలావాటికి తయారీదారు సిఫారసు చేసే గడువు 2,000 గంటలు లేదా 12 ఏళ్లు కాబట్టి, ఓవర్‌హాల్ ఖర్చును గంటల మీద పంచి, ఎగిరిన ప్రతి గంటకూ ఆ మొత్తాన్ని విడిగా దాచాలి. ఇలా దాచని యజమాని చివరికి ఏనుగును కొని అంకుశానికి వెనకాడినవాడి స్థితిలో పడతాడు. ఏడాదికి యాభై గంటలైనా ఎగరనివారికి అద్దె విమానమే చవక అని నా అభిప్రాయం. లేదా ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కొని, వంతులు, నష్టం జరిగితే భరించే వాటాలు, ఒకరు తప్పుకోవాలనుకుంటే పాటించవలసిన పద్ధతి ముందే రాతపూర్వకంగా ఖరారు చేసుకోవడం మంచిది. బీమా కంపెనీని కొనకముందే సంప్రదించాలి. చక్రాలు లోపలికి ముడుచుకునే విమానానికీ, తోకచక్రం విమానానికీ ఆ రకంలో అనుభవం లేని పైలట్ నుంచి అదనపు శిక్షణ గంటలు కోరడం సాధారణం.

కాగితాలు

విమానాన్ని చూడటానికి వెళ్లే ముందే లాగ్‌బుక్‌ల నకళ్లు తెప్పించుకొని చదవాలి. ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన రోజు మొదలుకొని ఎయిర్‌ఫ్రేమ్‌కు (ఇంజను, ప్రొపెల్లర్ కాక మిగిలిన విమాన శరీరానికి), ఇంజనుకు, ప్రొపెల్లర్‌కు వేర్వేరు పుస్తకాలు ఖాళీలు లేకుండా ఉన్నాయా, ఏటేటా ఎన్ని గంటలు ఎగిరింది, భద్రత కోసం విమానయాన అధికారులు జారీచేసే తప్పనిసరి ఆదేశాలైన ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్‌లు ఒక్కొక్కటీ ఏ తేదీన ఎలా పాటించబడ్డాయి, తరువాత బిగించిన ప్రతి పరికరానికీ ఆమోదపత్రం ఉందా అన్నవి చూడాలి. రెక్క చివర మార్చడం, ముందు చక్రం కాలు బాగుచేయడం, ప్రొపెల్లర్ అకాలంగా మార్చడం వంటి పద్దులు ఏదో సంఘటనను సూచిస్తాయి. ప్రొపెల్లర్ నేలకు తగిలి ఉంటే, ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు తగిలినా సరే, లోపల విప్పి పరీక్షించినట్లు రాత ఉండాలి. విమానం మీద అప్పు తాకట్టు ఏదైనా ఉందేమో రిజిస్ట్రేషన్ కార్యాలయం ద్వారా నిర్ధారించుకోవాలి.

కొనుగోలుకు ముందు తనిఖీ

తనిఖీ చేసే మెకానిక్‌ను కొనేవారే ఎంచుకోవాలి. ఆ మోడల్ బాగా తెలిసినవాడై, అంతవరకు ఆ విమానాన్ని చూసుకున్నవాడు కాకుండా ఉండాలి. వార్షిక తనిఖీ ఈమధ్యనే అయిందన్న మాట దీనికి ప్రత్యామ్నాయం కాదు.

ఇంజను విషయంలో తిరిగిన గంటల కన్నా తిరగని నెలలు ఎక్కువ చెబుతాయి. ఆరేళ్లలో 1,500 గంటలు నడిచిన ఇంజను, ముప్పై ఏళ్లలో 400 గంటలు నడిచిన ఇంజను కన్నా తరచుగా మెరుగైన స్థితిలో ఉంటుంది. లైకమింగ్ ఇంజన్లలో వాల్వులను తెరిపించే క్యామ్‌షాఫ్ట్, పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌కు పైన ఉంటుంది. విమానం నిలిచిపోతే క్యామ్‌షాఫ్ట్ మీది ఆయిలు పొర క్రమంగా జారిపోయి, తేమ తగిలి తుప్పు గుంటలు పడతాయి. మళ్లీ నడిపినప్పుడు ఆ గుంటలు పడిన భాగం, దాని కదలికను వాల్వులకు అందించే లిఫ్టర్లను రాచి, లోహపు పొడి ఆయిలులోకి చేరుతుంది. కాబట్టి ఆయిల్ ఫిల్టర్‌ను కోసి, మడతల మధ్య లోహపు రేణువులు ఉన్నాయేమో చూడటం తనిఖీలో తప్పనిసరి భాగం కావాలి. పాత ఆయిలు పరీక్ష నివేదికలు వరుసగా దొరికితే మరీ మంచిది. ఒక్క నివేదికకు అంత విలువ లేదు, మార్పు ఏ దిశగా పోతోందన్నదే ముఖ్యం.

కంప్రెషన్ పరీక్షలో సిలిండర్‌లోకి చదరపు అంగుళానికి 80 పౌండ్ల పీడనంతో గాలి పంపి, ఎంత నిలిచిందో చూస్తారు. అంకె తక్కువగా వస్తే గాలి ఎక్కడి నుంచి పోతోందో చెవి ఆనించి వినాలి. ఎగ్జాస్ట్ గొట్టంలో బుసబుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, గాలి లోపలికి వచ్చే దారిలో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, ఆయిలు పోసే మూత దగ్గర వినిపిస్తే పిస్టన్ రింగులు అనుమానించదగినవి. దీనితోపాటు బోర్‌స్కోప్ కెమెరాతో వాల్వుల ముఖం చూడాలి. చక్కగా ఉన్న ఎగ్జాస్ట్ వాల్వు మీద మరకలు మధ్య బిందువు చుట్టూ సమానంగా ఉంటాయి. ఒక అంచున మాత్రమే రంగు మారి ఉంటే అక్కడ వేడి ఎక్కువై వాల్వు కాలిపోవడం మొదలైందని అర్థం. స్పార్క్ ప్లగ్‌లకు విద్యుత్తు పుట్టించే మాగ్నెటోలను సుమారు 500 గంటలకు ఒకసారి విప్పి చూడాలన్న నియమం పాటించబడిందో లేదో లాగ్‌బుక్‌లో వెతకాలి.

ఎయిర్‌ఫ్రేమ్‌లో తుప్పు, పగుళ్లు ప్రధాన శత్రువులు. సముద్రతీరంలో ఆరుబయట గడిపిన విమానం రెక్కల లోపలి భాగాన్ని తనిఖీ మూతలన్నీ తీసి చూడాలి. మోడల్‌ను బట్టి బలహీనతలు మారుతాయి. 2018లో అమెరికాలో ఒక శిక్షణ విమానం రెక్క గాలిలోనే ఊడిపోయిన తరువాత, కొన్ని పైపర్ పీఏ-28, పీఏ-32 మోడళ్లలో స్పార్ కింది బోల్టు రంధ్రాలకు, కంటికి కనిపించని పగుళ్లను విద్యుత్ ప్రవాహంతో పట్టే ఎడ్డీ కరెంట్ పరీక్ష తప్పనిసరి చేశారు. పాత సెస్నాలలో సీటు పట్టాల రంధ్రాలు అరిగిపోతే టేకాఫ్‌లో సీటు వెనక్కి జారి, పైలట్‌కు కంట్రోల్స్ అందకుండా పోయిన ప్రమాదాలు ఉన్నాయి. ఆ పట్టాలను కొలిచి చూడటానికి పట్టేది కొద్ది నిమిషాలే. కొత్తగా వేసిన రంగు చూసి సంతోషించే ముందు దాని కింద రివెట్ల చుట్టూ పొంగులు ఉన్నాయేమో వేలితో తడమాలి. అమ్మకానికి ముందే వేయించిన రంగును నేను ఎప్పుడూ కాస్త అనుమానంతోనే చూస్తాను.

కొన్న తరువాత చేయవలసినది ఒకటే: ఎగరడం. నెలకు ఒక్కసారైనా ఆయిలు 80 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా వేడెక్కి సుమారు గంటసేపు అలా ఉండేటట్లు ఎగిరితే లోపలి తేమ ఆవిరైపోతుంది. నేల మీదే పది నిమిషాలు ఇంజను తిప్పి ఆపడం వల్ల తేమ పోదు సరికదా, మండే ఇంధనం నుంచి పుట్టిన నీరు అదనంగా చేరుతుంది. ఫిల్టర్ ఉన్న ఇంజనుకు 50 గంటలకు లేదా నాలుగు నెలలకు, ఏది ముందైతే దానికి ఆయిలు మార్చాలి.

పరికరాలు ఏ వరుసలో

మొదటి డబ్బు ప్రాణాలకు సంబంధించిన చవక వస్తువుల మీద పెట్టాలి. నడుము బెల్టు మాత్రమే ఉన్న పాత విమానంలో భుజాల మీదుగా వచ్చే బెల్టు బిగించడానికి మించిన మెరుగుదల లేదు. తరువాతి స్థానం కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్‌ది. చాలా చిన్న విమానాల్లో క్యాబిన్‌కు వెచ్చదనం ఎగ్జాస్ట్ మఫ్లర్ చుట్టూ ఉన్న తొడుగు నుంచి వస్తుంది; మఫ్లర్‌లో చిన్న పగులు ఏర్పడినా వాసనలేని ఆ విషవాయువు నేరుగా లోపలికి చేరుతుంది. రంగు మారే అట్టముక్కలు కొద్ది నెలల్లోనే పనికిరాకుండా పోతాయి, పైగా వాటివైపు చూస్తేనే తెలుస్తుంది కనుక మోత మోగించే ఎలక్ట్రానిక్ పరికరమే కొనాలి. మంటలార్పే సాధనం పొడి రకం కాకుండా మంటను ఆర్పే వాయువైన హాలాన్‌తో లేదా దాని ప్రత్యామ్నాయ వాయువుతో పనిచేసేది కావాలి. ఇరుకైన కాక్‌పిట్‌లో పొడి చల్లితే దారి కనిపించదు, అల్యూమినియంను కూడా అది తినేస్తుంది.

ప్రమాద స్థలాన్ని తెలిపే రేడియో సాధనం ఈఎల్‌టీ పాత 121.5 మెగాహెర్ట్జ్ రకానిదైతే మార్చివేయాలి. 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు ఆ ఫ్రీక్వెన్సీని వినడం మానేశాయి. 406 మెగాహెర్ట్జ్ రకం, అందులోనూ జీపీఎస్ స్థానాన్ని కలిపి పంపేది తీసుకొని, దాని కోడ్‌ను కొత్త యజమాని పేరు మీద నమోదు చేయించాలి. చేతులు మారిన విమానాల్లో చాలామంది మరచిపోయే పని ఇది. సంకేతం అందినప్పుడు రక్షణ సిబ్బంది మొదట ఫోను చేసేది ఆ నమోదులోని నంబరుకే.

ఆ తరువాత ఇంజను మానిటర్. ఒకే సిలిండర్ ఉష్ణోగ్రత చూపే ఫ్యాక్టరీ మీటరు స్థానంలో ప్రతి సిలిండర్ తలనూ, ఎగ్జాస్ట్ వాయువునూ విడివిడిగా కొలిచి, ఆ వివరాలు నమోదు చేసే పరికరం ఉంటే మూసుకుపోయిన ఇంజెక్టర్, పాడవుతున్న స్పార్క్ ప్లగ్, కాలుతున్న వాల్వు ముందుగానే బయటపడతాయి. తెరల ప్యానెల్ కన్నా దీనికే నేను ముందు ఓటు వేస్తాను.

రేడియో, రాడార్‌కు విమానం గుర్తింపు పంపే ట్రాన్స్‌పాండర్ విషయంలో ఎగరబోయే గగనతలం నియమాలే నిర్ణయిస్తాయి. అమెరికాలో 2020 జనవరి 1 నుంచి నియంత్రిత గగనతలంలో చాలా భాగానికి, విమానం తన స్థానాన్ని తానే ప్రసారం చేసే ఏడీఎస్-బీ అవుట్ తప్పనిసరి, యూరప్‌లో ఛానెళ్ల మధ్య 8.33 కిలోహెర్ట్జ్ అంతరంతో పనిచేసే రేడియో కావాలి. పాత విమానం చవకగా దొరికిందంటే ఇలాంటి ఖర్చు కొనేవారి మీదికి రావడం ఒక కారణం కావచ్చు. మంచి ఇంటర్‌కమ్, శబ్దాన్ని తగ్గించే హెడ్‌సెట్లు అలసటను గణనీయంగా తగ్గిస్తాయి.

పాత ప్యానెల్‌లో, విమానం ఎటు వంగి ఉందో చూపే ఆటిట్యూడ్ ఇండికేటర్ సాధారణంగా గాలిని పీల్చే వ్యాక్యూమ్ పంపు మీద నడుస్తుంది. డ్రై రకం పంపు ముందస్తు సూచన లేకుండా ఆగిపోగలదు, అప్పుడు ఆ ఇండికేటర్ మేఘంలో ఉన్న పైలట్‌కు తప్పుడు భంగిమను చూపుతుంది. సొంత బ్యాటరీ ఉన్న ఎలక్ట్రానిక్ ఆటిట్యూడ్ ఇండికేటర్ పెట్టుకోవడం మంచి పెట్టుబడి. అయితే అన్నిటినీ విద్యుత్తు మీదికి మార్చేటప్పుడు ఇంజను నుంచి విద్యుత్తు పుట్టించే ఆల్టర్నేటర్ ఆగిపోతే బ్యాటరీ ఒక్కటే ఎంతసేపు మోయగలదో ఆంపియర్లలో లెక్కవేసి, ఏవి ముందుగా ఆపాలో రాసి పెట్టుకోవాలి.

ప్యానెల్ పనిలో పరికరాల ధరకు దగ్గరగా కూలి ఖర్చు కూడా ఉంటుంది. అందుకే ప్యానెల్ ఒకసారి విప్పినప్పుడే చేయదలచిన మార్పులన్నీ చేయించుకోవడం, కనీసం భవిష్యత్తు పరికరాలకు తీగలు వేసి ఉంచడం లాభం. ప్రతి పరికరానికీ ఆ మోడల్ విమానంలో బిగించే అనుమతి ఉందా అని కొనకముందే చూడాలి. సొంతంగా కట్టిన విమానాలకు చెల్లే పరికరం ఫ్యాక్టరీ విమానంలో చెల్లకపోవచ్చు. పనికిరాని పాత తీగలను, యాంటెన్నాలను తొలగించమని ఒప్పందంలోనే రాయించాలి. అవి మిగిలితే బరువూ మిగులుతుంది, తరువాతి మెకానిక్‌కు చిక్కుముడీ మిగులుతుంది. పని పూర్తయ్యాక కొత్త ఖాళీ బరువు, గురుత్వ కేంద్రం పత్రం, విద్యుత్ చిత్రపటం చేతికి వచ్చాకే ఆఖరి చెల్లింపు చేయాలి.

ఆటోపైలట్ బిగించుకున్నవారు మొదటి కొన్ని గంటలు ప్రయాణికులు లేకుండా, తేట వాతావరణంలో, పక్కన శిక్షకుడిని కూర్చోబెట్టుకొని ఎగరాలి. యోక్ (చేతితో పట్టే స్టీరింగు) మీది డిస్‌కనెక్ట్ మీట, విమానం ముక్కు కోణాన్ని సరిచేసే ట్రిమ్ స్విచ్చు, సర్క్యూట్ బ్రేకర్ అనే మూడు మార్గాల్లోనూ దాన్ని ఆపడం చూడకుండా చేతికి అలవాటయ్యేదాకా మేఘాల్లోకి తీసుకుపోకూడదు.