బెవెల్ మూలమట్టంతో వాలు పట్టడం ఎలా

పోయినేడు వానలకి ముందు పెరటి వసారాకి నాలుగు వాసాలు మార్చాల్సి వచ్చింది. మా ఊరు అమలాపురం దగ్గర, చుట్టూ కొబ్బరితోటలు, పక్కనే పంటకాలవ, ఇక్కడ కర్రకి చెదా తేమా రెండూ తప్పవు. అప్పటికే ఆన్‌లైన్‌లో అంకెలు చూపించే యాంగిల్ మీటరు ఒకటి కొని మహా మురిసిపోతున్నాను కాబట్టి, మేస్త్రిగారు వచ్చేలోపే కొలిచేద్దామని నిచ్చెనెక్కి, లెవెల్ బద్దకి ఒక కాలు, పాత వాసం చివరికి ఒక కాలు ఆనించి చూశాను. 30.2 అంది. ఆ అంకె కాయితం మీద రాసుకుని, కోత మిషను 30 దగ్గర పెట్టి రెండు కొత్త వాసాలు కోసి పైకెత్తితే, గోడవైపు దూలానికీ వాసానికీ మధ్య పెన్సిల్ దూరేంత సందు. సంగతేమిటంటే పాత వాసం నడుము జారి ఉంది, దాని చివర వాలు వేరు, మొత్తం వాసం వాలు వేరు. పైగా నా మిషను మీద గీతలు ఎంతవరకు నిజమో నేనెప్పుడూ చూసుకోలేదు. అన్నీ కలిసి మూడు డిగ్రీలు తేడా. ఆరంగుళాల కోతలో మూడు డిగ్రీలంటే 8 మిల్లీమీటర్లు.

మేస్త్రిగారు తిట్టలేదు, నవ్వారు. సంచీలోంచి పాత బెవెల్ (రేకు తిరిగే మూలమట్టం) ఒకటి తీసి, "అంకె ఎందుకండి బాబూ, వాలుని వాలులాగే కిందకి దింపితే సరిపోద్ది కదండీ" అన్నారు.

అదీ విషయం. కోణాన్ని అంకెగా మార్చేటప్పుడు ఒక తప్పు దొర్లుతుంది, ఆ అంకెని మళ్లీ మిషను మీద కోణంగా మార్చేటప్పుడు ఇంకోటి. బెవెల్ అయితే పైన ఉన్న వాలుని పట్టుకుని కింద ఉన్న కర్ర మీదకి అలాగే మోసుకొస్తుంది, మధ్యలో అంకె అనేదే లేదు. కొత్తగా చెక్కపని మొదలుపెట్టేవాళ్లు డిజిటల్ మీటరు కొనకముందు దీన్ని వాడడం నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం.

మామూలు మూలమట్టం అందరికీ తెలుసు, దానికి 90 తప్ప ఇంకేం రాదు. బెవెల్ కూడా దాదాపు అలాగే ఉంటుంది కానీ రేకు కదులుతుంది. చెక్కదో ఇనుముదో పిడి ఒకటి, దాన్లో పొడుగు గాడి ఉన్న స్టీలు రేకు ఒకటి, బిగించడానికి చెవుల నట్టు. నట్టు వదులు చేస్తే రేకు తిరుగుతుంది, ముందుకీ వెనక్కీ జరుగుతుంది కూడా, ఇరుకు మూలల్లో ఈ జరగడమే కాపాడుతుంది. దీని మీద డిగ్రీల గీతలేమీ ఉండవు. షాపులో అడిగితే ఒక్కోసారి డిగ్రీలున్న ప్రొట్రాక్టరు చేతిలో పెడతారు, అది వేరే వస్తువు. అమెరికాలో ఇళ్ల చట్రాలే కర్రతో కడతారు కాబట్టి వాళ్లకి ఇంకో రకం ఉంది, 1925లో ఆల్బర్ట్ స్వాన్సన్ అనే ఆయన చేసిన త్రికోణం, స్పీడ్ స్క్వేర్ అంటారు. దాన్ని మూల దగ్గర ఆనించి తిప్పితే డిగ్రీలు తెలుస్తాయి, 12 అంగుళాల అడ్డానికి కప్పు ఎన్ని అంగుళాలు లేస్తుందో కూడా తెలుస్తుంది. మంచిదే, కానీ మన పాత పెంకుటిళ్ల వంకర టింకర్లకి బెవెలే ఎక్కువ పనికొస్తుంది.

కొనేటప్పుడు చూడాల్సింది పెద్దగా లేదు. నట్టు బిగించి రేకుని బొటనవేలితో గట్టిగా తోసి చూడండి, కదిలితే అక్కడే వదిలేయండి. రేకు రెండు అంచులూ సమాంతరంగా ఉన్నాయో లేదో స్కేలు పెట్టి చూడండి. ఇంకోటి, నట్టు చెవులు పిడి అంచు దాటి బయటికి పొడుచుకొస్తే ఆ వైపు కర్రకి ఆనించలేరు, తిప్పి పెట్టాల్సి వచ్చిన ప్రతిసారీ విసుగే. పిడి చివర నుంచి బిగించేవి దొరికితే అవి మేలు. చేతిలో డబ్బులు లేకపోతే ఒక టేకు రీపరు ముక్కకి చివర్లో రంపంతో గాడి కోసి, అందులో పాత స్టీలు స్కేలు దూర్చి, రెండిటికీ కలిపి బెజ్జం వేసి బోల్టూ చెవుల నట్టూ పెట్టుకోండి. రేకు జరగదు, తిరుగుతుంది అంతే, అయినా సగం పనులకి చాలు.

ఇప్పుడు కోణం పట్టడం. చాలామంది నట్టు పూర్తిగా వదులు చేసేస్తారు, అప్పుడు రేకు గడియారం ముల్లులా ఊగుతుంది. అలా కాదు, వేలితో తోస్తే కదలాలి, వదిలేస్తే ఆగిపోవాలి, అంత బిగువు ఉంచండి. ముందు పిడిని ఒక అంచుకి పూర్తిగా ఆనించండి, పొడుగంతా ఆనాలి, ఒక మొన కాదు. తర్వాత రేకుని రెండో అంచు మీదకి జరిపి వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. రేకు కింద నుంచి వెలుతురు గీత కనిపిస్తే ఇంకా కూర్చోలేదన్నమాట. కూర్చున్నాక అక్కడే, తీయకుండానే, బిగించండి. బిగించాక మళ్లీ ఒకసారి చూడండి, ఎందుకంటే నట్టు చివరి తిప్పులో రేకు వెంట్రుకంత జరుగుతుంది, ఈ రెండోసారి చూడడం మానేసినవాడే తర్వాత చిత్రికతో కుస్తీ పడతాడు.

బిగించిన బెవెల్‌ని చేతిలో పట్టుకుని ఊరంతా తిరక్కండి. వెంటనే ఒక ప్లైవుడ్ ముక్క మీద తిన్నటి అంచుకి పిడి ఆనించి గీత గీసి, పక్కన "వసారా వాలు" అనో "ఉత్తరం మూల" అనో రాసుకోండి. పని మధ్యలో బెవెల్ కింద పడినా, పిల్లలు ఆడుకుని తిప్పేసినా, ఆ గీతకి పెట్టి మళ్లీ బిగించుకోవచ్చు. సాయంత్రం పని ముగించేముందు ఒకసారి గీతకి పెట్టి చూస్తే, రోజంతా రేకు జరిగిందో లేదో కూడా తేలిపోతుంది. పడవలు కట్టేవాళ్ల పద్ధతి ఇది, పడవ పక్క బల్లల వాలు అడుగడుక్కీ మారుతుంది కదా, అందుకని ఒకే చెక్క మీద వరసగా గీతలు గీసి పెట్టుకుంటారు. తాళ్లరేవు, కోరంగి వైపు ఒకప్పుడు ఓడలే కట్టారు, మనకి ఇది పరాయి విద్యేం కాదు.

ఇక వాసాల సంగతి, దీనికోసమే ఇదంతా మొదలుపెట్టాను. పాత కప్పు వాలు పట్టాలంటే వాసానికి నేరుగా రేకు ఆనించకండి, నేను చేసిన తప్పు అదే. తాడి వాసమైతే గరుకు, పాతదైతే నడుము వంగి ఉంటుంది. ఆరేడడుగుల తిన్నటి రీపరు తీసుకుని, వాసం పైకొసకీ కిందికొసకీ తగిలేలా పట్టించి, రెండు చోట్ల తాడుతో కట్టేయండి. అప్పుడు ఆ రీపరు వాలే అసలు వాలు. స్పిరిట్ లెవెల్‌ని బుడగ మధ్యకి వచ్చేలా అడ్డంగా పట్టుకోమని కింద ఒక మనిషికి చెప్పి, బెవెల్ పిడి రీపరుకీ, రేకు లెవెల్‌కీ ఆనించి బిగించండి. ఇద్దరు మనుషులు కావాలి, ఒక్కరితో ఇది అవ్వదు, అవుతుందనుకుని నిచ్చెన మీద సర్కస్ చేయకండి.

ఇలా బిగించిన బెవెల్‌ని కొత్త వాసం అంచుకి ఆనించి గీత గీస్తే, వాసం పైన తన చోట కూర్చున్నప్పుడు ఆ గీత నేలకి సమంగా అడ్డంగా ఉంటుంది. అంటే కింద గోడ మీద పరిచిన దూలం మీద వాసం కూర్చునే గాడికి అదే గీత. అదే గీతకి మూలమట్టం పెట్టి ఇంకో గీత గీస్తే అది నిట్టనిలువు గీత, పైన గోడకి అంటుకునే కోత అదీ. చూశారా, ఒక్కసారి బిగించిన బెవెల్, ఒక మూలమట్టం, ఈ రెండిటితో వాసానికి కావలసిన కోతలన్నీ వచ్చేశాయి, డిగ్రీ అన్న మాటే రాలేదు. పాత దూలం పైముఖం కూడా సమంగా లేకపోతే, గాడి మటుకు లెవెల్‌ని బట్టి కాకుండా దూలం ముఖానికే విడిగా బెవెల్ పెట్టి దించుకోండి. గాడి లోతు వాసం మందంలో మూడో వంతు దాటనివ్వకండి, వాసం బలం పోతుంది.

నాలుగు వాసాలకీ నాలుగుసార్లు గీతలు గీయడం కన్నా, ముందు ఒకటి కోసి పైకెక్కించి సరిపోయిందో లేదో చూసుకుని, దాన్నే అచ్చుగా పెట్టి మిగతావి గీసుకోండి. రెండు వైపులా వాలున్న కప్పు అయితే ఎడమ వాసం, కుడి వాసం అద్దంలో బొమ్మల్లా ఉండాలి. కర్ర రెండు ముఖాలూ ఒకేలా ఉంటే తిప్పి పెడితే సరిపోతుంది, ఒక ముఖమే నున్నగా చిత్రిక పట్టి ఉంటే మాత్రం బెవెల్‌ని రెండో వైపు తిప్పి గీయాలి. ఇది మర్చిపోయి టేకు దుంగ పాడుచేసుకున్నవాళ్లని చూశాను.

అంకె అస్సలు వద్దా అంటే, కొన్నిసార్లు కావాలి. పాత కప్పు లేదు, కొత్తగా మంగుళూరు పెంకు వేయాలి, 30 డిగ్రీల వాలు కావాలి అనుకోండి. ప్లైవుడ్ అంచు వెంట 24 అంగుళాలు కొలిచి, అక్కడ మూలమట్టంతో పైకి 14 అంగుళాలు లేపి, కొసలు కలిపితే 30కి పావు డిగ్రీ ఎక్కువ వస్తుంది, కప్పుకి అది చాలు. 24కి 20 లేపితే 40 డిగ్రీలకి దగ్గర, 24కి 24 అయితే 45. చిన్న ప్రొట్రాక్టరు మీద కంటే ఇది నమ్మకం, గీత ఎంత పొడుగైతే తప్పు అంత తక్కువ. ఒక డిగ్రీ తప్పితే అడుగు పొడవుకి 5 మిల్లీమీటర్లు, 12 అడుగుల వాసం చివరికి రెండున్నర అంగుళాలు. డబ్బాలకి డవ్‌టెయిల్ జాయింటు (పావురం తోకలా విచ్చుకునే పళ్ల అతుకు) వేసేవాళ్లకీ ఇదే పద్ధతి, మెత్తటి కర్రకి 6కి 1, గట్టి కర్రకి 8కి 1 వాలు గీసి దానికి బెవెల్ పెట్టుకుంటారు.

మూలల్లో పట్టీలు కలపడం ఇంకో తలనొప్పి. పాత మండువా ఇళ్లలో గోడల మూల 90 ఉండడం లాటరీ తగలడమే. మూల 93 ఉంటే రెండు పట్టీలూ 45కి కోస్తే సందు ఖాయం. బెవెల్‌తో మూల పట్టి ప్లైవుడ్ మీద దించి, మూల నుంచి రెండు గీతల మీదా పదేసి అంగుళాలు కొలిచి గుర్తులు పెట్టి, ఆ గుర్తుల్ని కలిపి, కలిపిన గీత మధ్యని మూలకి కలపండి. అదే సరిగ్గా సగం. బెవెల్‌ని ఆ సగానికి బిగించి మిషను దగ్గరికి తీసుకెళ్లండి. మిషను ప్లగ్గు పీకేయండి, స్విచ్ ఆపడం కాదు, పీకడమే. బెవెల్ పిడి మిషను వెనకవైపు కర్ర ఆనించే అడ్డకి, రేకు రంపం బిళ్ల నున్నటి భాగానికి ఆనించి మిషను తిప్పండి, పళ్లకి ఆనిస్తే తప్పు వస్తుంది. పనికిరాని ముక్కలు రెండు కోసి మూలలో పెట్టి చూశాకే అసలు పట్టీ కోయండి.

ఇక్కడ అందరూ బోల్తాపడే చోటు ఒకటుంది. మిషను మీద సున్నా అంటే అడ్డకోత, ప్రొట్రాక్టరు మీద అదే 90. దిండి వైపు రిసార్టుల్లో కనిపించే లాంటి ఆరుపలకల పందిరి చేద్దామనుకుంటే లోపలి కోణం 120, ముక్క కొస 60, మిషను మాత్రం 30 దగ్గర పెట్టాలి. 60 అని వినగానే మిషను మీద 60 కోసం వెతక్కండి, చాలా మిషన్లు అంతదాకా తిరగనే తిరగవు.

ముక్కాలి పీటకి కాళ్ల బెజ్జాలు వేసేటప్పుడు బెవెల్‌ని డ్రిల్లు పక్కన నిలబెట్టి, ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూసుకుంటూ దించండి. అంతే.

వెదురుకి మాత్రం ఇది పనికిరాదు. పిడి ఆనించడానికి తిన్నటి అంచే ఉండదు, సంక్రాంతికి ప్రభలు కట్టే చట్రంలాంటి పని అయితే తాడూ దారమే గతి.

మన గాలికి స్టీలు రేకు నెల తిరక్కుండా తుప్పు పడుతుంది, సముద్రం దగ్గరైతే ఇంకా ముందే. పని అయ్యాక గుడ్డతో తుడిచి కుట్టుమిషన్ నూనె ఒక చుక్క రాయండి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె రాయకండి, రంపంపొట్టు అంటుకుని జిగురవుతుంది. చెక్క పిడి వానాకాలంలో ఉబ్బి రేకు బిగుసుకుపోతే బలవంతంగా తిప్పకుండా నట్టు పూర్తిగా తీసి, గాడిలో గరుకు కాయితం మడత పెట్టి నాలుగుసార్లు లాగండి. బాగా ఎండాక వదులైతే నట్టు కింద పల్చటి వాషరు వేసుకోండి.