రాతిలో తొలి జీవుల ఆనవాలు పట్టడం ఎలా?

మార్కాపురం పలక మీద అ ఆలు దిద్దినవాళ్లకు పాత రాయి అనగానే ఆ పలకే గుర్తొస్తుంది. ఈ పనికి మాత్రం దాన్ని పక్కన పెట్టండి. అది బురద పేరుకుని, భూమి ఒత్తిడికి నలిగి గట్టిపడ్డ రాయి. గూడూరు అభ్రకం ఉన్న రాయీ పనికిరాదు. అది కరిగిన శిల చల్లారితే ఏర్పడింది.

మనకు కావలసింది సున్నపురాయి, లేదా దాని దాయాది డోలమైట్. కడప జిల్లా వేంపల్లె పొరల్లో దొరుకుతుంది. వాటి పైనున్న పొరల్లోకి చొరబడిన మాగ్మా శిల వయసే సుమారు 188 కోట్ల ఏళ్లు. కాబట్టి ఇవి అంతకన్నా పాతవి.

రాయి ఏదో తేల్చుకోవడానికి నిమ్మరసం చాలు. సున్నపురాయి మీద సన్నగా బుడగలు వస్తాయి. డోలమైట్ మొండిది, మేకుతో గీకి పొడి చేస్తే తప్ప పలకదు.

ఇప్పుడు రాయి పక్క ముఖాన్ని నీళ్లతో తడపండి. పొడిగా ఉన్నప్పుడు కనిపించని గీతలు తేలతాయి. బోర్లించిన గిన్నెలను ఒకదానిపై ఒకటి పేర్చినట్టు పొరలుంటే ఆగి చూడండి. చెరువు మెట్ల మీది పాచిని తలచుకోండి: సయనోబాక్టీరియా అనే, వెలుతురుతో బతికే సూక్ష్మజీవుల జిగురుకు సన్నని మడ్డి అంటుకుంటుంది, వెలుతురు కోసం అవి దాని పైకి పాకుతాయి, మళ్లీ మడ్డి పడుతుంది. ఇలా పెరిగిన దిబ్బే స్ట్రోమటోలైట్. ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో ఇవి నేటికీ పెరుగుతున్నాయి.

తొందరపడకండి. మా ఇంటి గచ్చు బండ మీద నల్లని ఫెర్న్ ఆకును చూసి శిలాజమేనని వారం రోజులు మురిసిపోయాను. తీరా అది పగుళ్లలో నీరు వదిలిన మాంగనీసు మరక!

రాయిని రెండో వైపు నుంచీ చూడాలి. గ్రీన్లాండ్‌లో 370 కోట్ల ఏళ్ల నాటి స్ట్రోమటోలైట్లు దొరికాయని 2016లో ప్రకటించారు. 2018లో మరో బృందం అన్ని వైపుల నుంచీ పరిశీలించి, అవి ఒత్తిడికి సాగిన మడతలని వాదించింది. నా లెక్కలో అసలు పరీక్ష ఇదే: మడతలో పైపొరా కిందిపొరా కలిసి వంగుతాయి. దిబ్బకు అడుగు చదునుగా ఉంటుంది, రెండు దిబ్బల సందులో మడ్డి విడిగా నిండి ఉంటుంది.

సుత్తితో కొట్టకండి. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి, ఏ వైపు పైన ఉందో రాసుకోండి. దొర్లిన రాయికి దిక్కు తెలియదు, దిబ్బ ఎటు పెరిగిందో అప్పుడు చెప్పలేం.